కత్తుల పళ్ళు చూసే డాక్టరు

మా డాక్టర్ పెరిషాకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరింటి గోడ మీదైనా పాత కత్తి కనిపిస్తే చాలు, దాన్ని చంకన పెట్టుకుని తెచ్చుకుంటేగానీ ఆయనకు ముద్ద దిగదు. పెళ్ళికి పిలిచినా అంతే, చావుకి వెళ్ళినా అంతే. శవం ఒక పక్క, ఏడ్చేవాళ్ళు ఒక పక్క, ఈయన చూపు మాత్రం గోడ పక్క. "అయ్యో, బంగారం లాంటి మనిషి" అని ఒక్క ముక్క అనేసి, ఆ నోటితోనే "ఆ కత్తి వీళ్ళ తాతగారిదా? నిజమైనదో నాటకాల సరుకో చూడాలి. కొన్నాళ్ళు నా దగ్గర ఉంచండి" అనేవారు. ఏడుపు ఆపి మరీ తిట్టినవాళ్ళున్నారు. ఆయన తిట్లన్నీ శ్రద్ధగా విని, కత్తి పట్టుకుని వచ్చేసేవారు.

వృత్తికి పళ్ళ డాక్టరు. నేను ఆయన దగ్గర నర్సుని. నా పేరు నెవెంకా. నాది సముద్రపు ఒడ్డు. ఉద్యోగం పేరు చెప్పి నన్ను మాంటెనెగ్రో కొండల మీద ఈ ఊరికి తోలారు. వచ్చిన కొత్తలో చలికి ఏడ్చాను, తర్వాత ఇక్కడి మనుషులకి ఏడ్చాను, ఆ తర్వాత అలవాటైపోయింది. మా ఒడ్డున ఇంటి గోడలకి వలలు వేలాడతాయి. ఇక్కడ దేవుడి పటం, దాని పక్కన దేశాన్నేలే మార్షల్ గారి పటం, ఆ ఇద్దరి నెత్తి మీదా ముత్తాత కత్తి. పటాల మీద ఎన్ని జోకులు వేసినా నవ్వుతారు. కత్తి మీద వేస్తే మాత్రం మీ గ్లాసు వెనక్కి తీసేసుకుంటారు.

ప్రతి కత్తీ ఏదో ఒక టర్కీ పాషా నడుము నుంచి ఊడబెరికిందే. ఏ ఇంట్లో అడిగినా, ఆ పాషాని నరికింది మా ముత్తాతే అంటారు. ఇంతమంది పాషాలు మా ఒక్క ఊళ్ళోనే చచ్చి ఉంటే, ఆ సామ్రాజ్యం అన్నేళ్ళు ఎవరితో నడిచిందో నాకు అర్థం కాదు. ఇంటికి వచ్చిన అతిథిని కత్తి కింద కూర్చోబెట్టి, ద్రాక్షసారా పోసి, కథ మొదలుపెడతారు. కథ అయ్యేదాకా గ్లాసు ఎత్తకూడదు. అందుకే ఇక్కడి అతిథులు మధ్యలో ప్రశ్నలు వేయరు.

ఇంకో ఆచారం ఉంది. కత్తిని ఒరలోంచి ఊరికే దూయకూడదు. దూస్తే అది రక్తం చూడాలట. కాబట్టి ఏ మగవాడూ దాన్ని దూసి చూడడు. మరి దుమ్ము, తుప్పు? ఇంటి దేవుడి పండుగ ముందు ఆడవాళ్ళు దాన్ని వంటింటి వెనక్కి తీసుకెళ్ళి, దూసి, బూడిద పెట్టి తోమి, మళ్ళీ ఒరలో పెట్టి తగిలించాలి. ఆడవాళ్ళు దూస్తే లెక్కలోకి రాదట! ఎంత సుఖమైన శాస్త్రమో చూడండి.

డాక్టరుగారు కత్తిని పరీక్షించే తీరు చూసి తీరాలి. పోస్టుమాస్టర్ బ్లాజో ఇంట్లో చూశాను నేను. గోడ మీద నుంచి దింపి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, జేబులోంచి మేం పళ్ళకి వాడే బుల్లి అద్దం తీశారు.

"ఏదీ, కాస్త నోరు తెరువు నాయనా" అన్నారు కత్తితో.

బ్లాజో గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "డాక్టరూ, దూయకు! దూస్తే రక్తం చూడాలి."

"నేను దూయడం లేదయ్యా, పీకుతున్నాను. పీకడం నా వృత్తి. రక్తం రోజూ చూస్తూనే ఉన్నాను."

 బ్లాజో కంగారుగా మొహం గోడకి తిప్పుకున్నాడు. డాక్టరుగారు ఒక జానెడు పీకి, లోపలికి అద్దం పెట్టి చూసి, బుల్లి సుత్తితో టిక్కు టిక్కుమని కొట్టి, చెవి ఆనించి విన్నారు. తర్వాత ఒరని పట్టుకుని మెల్లగా ఊపారు.

"ఏమంటుంది? నిజమైనదేగా?" అన్నాడు బ్లాజో గోడవైపు తిరిగే.

"ఇప్పుడే చెప్పలేను. చిగుళ్ళు వదులుగా ఉన్నాయి."

"కత్తికి చిగుళ్ళేమిటయ్యా?"

"ఒర. కొన్నాళ్ళు నా దగ్గర ఉంచాలి."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే ఏముందీ. మానేద్దాం. వీధిలో ఎవరైనా అడిగితే, బ్లాజో ఇవ్వనన్నాడని చెప్తాను."

ఆ ఒక్క మాటతో ఊరంతా ఆయన చేతికి చిక్కింది. ఇవ్వనన్నవాడి కత్తి రేకు కత్తేనని సాయంత్రానికల్లా కాఫీ హోటల్లో తీర్మానం అయిపోతుంది కదా! పళ్ళు కొరుక్కుంటూ ఇచ్చేవారు. ఆ కొరుక్కున్న పళ్ళకి మళ్ళీ మా దగ్గరికే వచ్చేవారు.

మా ఆసుపత్రి గది ఎలా ఉండేదో చెబితే నమ్మరు. మందుల బీరువా పక్కన కత్తులు, చేతులు కడుక్కునే తొట్టి పక్కన కత్తులు, గొడుగుల బుట్టలో కత్తులు. పన్ను పీకించుకోవడానికి కుర్చీలో కూర్చున్న మగాడు, చుట్టూ ఊళ్ళో ముత్తాతలందరూ నిలబడి చూస్తున్నట్టు బిగుసుకుపోయేవాడు. కెవ్వుమందామంటే సిగ్గు. మత్తుమందు మాకు సగానికి సగం మిగిలిపోయేది.

నేను ఊరుకునేదాన్ని కాదు. "డాక్టరుగారూ, ఇది ఆసుపత్రా, ఆయుధాగారమా? నిన్న ఎవరో ఆఫీసరు గారు కోటు తగిలించబోయి వేలు కోసుకున్నారు."

"వేలు తెగిందా?" అన్నారు ఆయన, మొహం వెలిగిపోతూ. "ఏ కత్తికి?"

ఆ మూలది చూపించాను. దాన్ని తీసి ముద్దు పెట్టుకున్నంత పని చేశారు. ఏం మనిషి, నా తల్లీ!

నెలలు గడిచేవి. కత్తి ఇచ్చిన ఇంటివాడు కబురు మీద కబురు పంపేవాడు. "ఇంకా చూస్తున్నాను" అనేవారు. చివరికి ఒకరోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కత్తిని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, వాళ్ళింటికి వెళ్ళి ఒకే ఒక్క మాట చెప్పేవారు. "నిజమైనదే."

ఎవరికైనా ఇదే మాట. ఇన్నేళ్ళలో ఒక్కరికైనా 'కాదు' అని చెప్పిన పాపాన పోలేదు. ఈమాత్రం దానికి నెలల తరబడి పరీక్ష ఎందుకని ఊరంతా నవ్వుకునేది. "డాక్టరు మొహమాటస్తుడు. మిగతావాళ్ళకి ముఖప్రీతికి చెప్పాడు. మాది మాత్రం నిజంగానే నిజమైనదని చెప్పాడు" అని ప్రతి ఇంటివాడూ నాతో రహస్యంగా చెప్పేవాడు. ఒకే రహస్యం అన్ని ఇళ్ళలోనూ విని నా చెవులు తూట్లు పడ్డాయి.

కత్తి చేతికి అందుకున్న ప్రతివాడూ ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా వేసేవాడు.

"ఇదేమిటి డాక్టరూ, బరువెక్కింది?"

"తుప్పు వదిలింది కదా. ఇనుము ఊపిరి పీల్చుకుంది" అనేవారు ఒకరితో. ఇంకొకరితో "మీ ముత్తాతగారు సంతోషించి వచ్చి కూర్చున్నారు" అనేవారు. బ్లాజో అయితే అడిగాడు కూడా, "మరి ఆ బంగారు మెరుపేదీ?" అని. "అదా, మధ్యలో ఎవడో తెలివితక్కువవాడు పూసిన పూత. కడిగేశాను" అన్నారు. బ్లాజో భార్య పక్క గదిలోంచి ఇదంతా వింటూ, పొగబెట్టిన పంది తొడ బల్ల మీద పెట్టి, డాక్టరు గారి పళ్ళెంలోకి వేలు మందాన ముక్కలు కోసి పడేసింది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి కదా, జాలి కాబోలు అనుకున్నాను.

ఇలా సాగిపోతుండగా యాగోష్ వచ్చాడు.

యాగోష్ అంటే యుద్ధవీరుల సంఘం అధ్యక్షుడు. ముందు మీసం వస్తుంది, వెనకాల ఆయన వస్తాడు. ఊళ్ళో కొత్తగా స్మారకమందిరం కడుతున్నారు. అందులో నడిమధ్యన అద్దాల పెట్టెలో తన ముత్తాత కత్తి ఉండాలని ఆయన పట్టు. "డాక్టరు చూసి చెప్తేనే పెడతాం" అన్నాడు బ్లాజో, ఆ మందిరం కమిటీకి ఆయనే పెద్ద. తనకి పడిన మెలిక ఇంకొకరికి పడితే ఆ సంతోషమే వేరు.

యాగోష్ కత్తిని ఇచ్చాడు. ఇచ్చే ముందు పిడి అడుగున, ఎవరికీ కనబడని చోట, గోరంత గీత గీసి మరీ ఇచ్చాడు. చలికాలం వెళ్ళింది, మంచు కరిగింది, డాక్టరుగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. "నిజమైనదే" అన్నారు. యాగోష్ కత్తి అందుకుని, పిడి తిరగేసి, అడుగు చూశాడు. గీత లేదు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు ఊరు ఊరంతా ఉంది.

"దొంగ! నా ముత్తాత కత్తి అమ్ముకుని, ఎవడిదో ఇనపముక్క నా మొహాన కొట్టాడు! వేసవిలో పాత సామాన్లు కొనే ఇటలీ వాళ్ళు కార్లేసుకుని ఊరికే వస్తున్నారనుకున్నారా?" అని యాగోష్ వీధిలో రంకెలు.

డాక్టరుగారు తెల్లకోటుతోనే బయటికి వచ్చారు. కుర్చీలో ఉన్న పేషెంటు నోట్లో దూదితో సహా కిటికీలోంచి చూస్తున్నాడు.

"అమ్మలేదు" అన్నారు.

"అయితే మార్చలేదంటావా?"

"మార్చాను."

 యాగోష్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు పాపం, ఇంకా చాలా తిట్లు సిద్ధం చేసుకుని వచ్చాడు.

"ఎందుకు మార్చావ్?"

"చెప్పను" అని లోపలికి వచ్చి, పేషెంటు నోట్లో దూది తీశారు.

ఆ రోజు నుంచి మొదలైంది మా శని. ఈ ఊళ్ళో మనిషిని కొట్టరు, తిట్టరు. చెయ్యి కలపడం మానేస్తారు, అంతే. అదే ఉరిశిక్ష. డాక్టరుగారు వీధిలో చెయ్యి చాస్తే, ఎదుటివాడి చెయ్యి జేబులోకి పోయేది. తన కత్తిని కూడా మార్చేశాడేమోనని ఇంటింటా అనుమానం. ఒక్క పేషెంటు రాలేదు. బుగ్గలు బూరెల్లా వాచిపోయి, రుమాళ్ళు కట్టుకుని, బస్సెక్కి పక్క ఊరికి పోయేవారు మహానుభావులు. ఆ బస్సు వెళ్తుంటే కిటికీల్లోంచి ఒకటే మూలుగు. చివరికి పెద్దమనుషులు కబురు చేశారు: ఆదివారం సభకి వచ్చి ఊరి ముందు సంజాయిషీ చెప్పాలి, లేదా ఆసుపత్రి మూసుకుని ఊరు వదలాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకేం పోయేకాలం? ఆ కత్తి ఎక్కడుంది?"

"బీరువా వెనకాల."

"మరి ఇచ్చెయ్యండి!"

"ఇస్తే అందరూ చూస్తారు తల్లీ."

"చూస్తే ఏం?"

ఆయన అద్దం తుడుస్తూ కూర్చున్నారు. పుట్టి పెరిగిన ఊరు. ఎవరి నోట్లో ఏ పన్ను కదులుతుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి. ఈ వయసులో ఎక్కడికి పోతారు? నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. రెండూ కలిసి ఆ రోజు పనిముట్లన్నీ రెండుసార్లు ఉడకబెట్టాను.

ఆదివారం సాంస్కృతిక భవనం కిక్కిరిసిపోయింది. రాజుగారి కాలంలో నాటకాలాడిన హాలే అది. ముందు వరసల్లో మగవాళ్ళు, వెనక వరసల్లో ఆడవాళ్ళు, వేదిక మీద బ్లాజో, ఆయన ముందు బల్ల మీద కత్తి.

యాగోష్ లేచాడు. "ఎక్కువ మాటలొద్దు. దీని మీద చెయ్యి వేసి, ఇది మా గోడ మీద నుంచి తీసుకెళ్ళిన కత్తేనని ఒట్టు వెయ్యి."

"వెయ్యలేను" అన్నారు డాక్టరుగారు.

"అయితే నాది నాకు తెచ్చియ్యి."

"ఇస్తాను. నువ్వొక్కడివే రా. తలుపులేసుకుని ఇస్తాను."

"చాటుగా తీసుకోవడానికి అది లంచమా? ఇక్కడ, అందరి ముందూ, దూసి నా చేతికియ్యి!"

"అందరి ముందూ ఇవ్వను యాగోష్. ఊరు వదిలి పొమ్మంటే పోతాను."

నేను లేచి "బుద్ధుందా మీకు!" అని అరవబోయాను. ఇంతలో వెనక నుంచి కర్ర చప్పుడు.

"తోవ ఇయ్యండ్రా. నన్నెవరూ పిలవలేదు. నేనే వచ్చా."

యాగోష్ తల్లి దరింకా అవ్వ. ఇల్లు కదిలి ఏళ్ళయింది. నల్ల రుమాలు, బుజాన శాలువా, నోట్లో పళ్ళు లేవు కాబట్టి మా ఆసుపత్రి మొహం కూడా ఎప్పుడూ చూడలేదు. మగవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఆమె తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చుని, బల్ల మీది కత్తిని ఒళ్ళోకి లాక్కుంది.

"డాక్టరూ, నాకు చేతుల్లో సత్తువ లేదు. పీకు నాయనా."

ఆయన కదల్లేదు. "వద్దమ్మా" అన్నారు, నెమ్మదిగా.

"నాకు చెప్పొచ్చావా? పీకు."

పీకారు. అవ్వ కళ్ళు పెట్టి చూడలేదు. అంచు మీద బొటనవేలు ఆనించి, కిందకి జరుపుకుంటూ పోయి, చివర్లో ఒకచోట ఆపింది.

"ఇదిగో నొక్కు. ఇది మా కత్తే."

యాగోష్ ఛాతీ పొంగింది. "ముత్తాత పాషా తల నరికినప్పుడు పడ్డ నొక్కు!"

"పాషా లేదు, నీ మొహం లేదు. నేను కాపురానికొచ్చిన ఏడు మా మామ దీంతో పంది తొడ కోస్తే, ఎముకకి తగిలి పడ్డది. మా అత్త ఆయన్ని నానా తిట్లు తిట్టింది."

ఎవరో కిసుక్కుమన్నారు. బ్లాజో బల్ల చరిచాడు. "అది కాదమ్మా, ఇదే మీ కత్తయితే, మరి ఇన్నాళ్ళూ గోడ మీద ఉన్నది?"

"గిల్టుది" అంది అవ్వ. "నాటకాల కత్తి. దానికో కథుంది, కూర్చోండి."

కూర్చున్నారు. రాజుగారి కాలంలో, ఈ హాల్లోనే, బడిపంతులు ఒకాయన నాటకం వేయించాడట. కొండవీరులకీ టర్కీ వాళ్ళకీ యుద్ధం. ఎవరికీ దెబ్బలు తగలకూడదని దూరం నుంచి రేకు కత్తులు తెప్పించాడు. గిల్టు పూత, గాజు రాళ్ళు, తళతళలాడిపోతున్నాయట. కానీ రేకు కత్తి పట్టుకుని ఊరి ముందు నిలబడటానికి ఏ మగాడికి మనసొప్పుతుంది? అందరూ కోట్ల కింద ఇంటి కత్తులు దాచుకుని వచ్చారు. టర్కీ వేషాలకి ఎవడూ ఒప్పుకోకపోతే చీట్లు వేశారు. ఆ చీటీ పడినవాళ్ళలో అవ్వ మొగుడు ఒకడు.

"మూడో అంకంలో టర్కీ వాళ్ళు చావాలి. ఒక్కడూ చావలేదు" అంది అవ్వ. "నా మొగుడైతే రెండుసార్లు గెలిచాడు. పంతులు తెర వెనక నుంచి 'చావండ్రా, మీకు దణ్ణం పెడతా' అని ఏడుస్తున్నాడు. ఎవడు వింటాడు? దీపాలు పడ్డాయి, బల్లలు విరిగాయి. పోలీసులొచ్చి అందరి కత్తులూ లాక్కుని, రేకువాటితో కలిపి ఈ వేదిక మీదే కుప్ప పోశారు. ఎవరిది వాళ్ళు తీసుకుపొమ్మన్నారు. ఒరలు నడుముకే ఉన్నాయి. ఎవరేం తీసుకున్నారో తెలుసా?"

"ఎవరి తాత కత్తి వాళ్ళు" అన్నాడు యాగోష్.

"తళతళలాడేది తీసుకున్నారు. తన తాత కత్తి అన్నింటికన్నా గొప్పదని ప్రతివాడి నమ్మకం. నల్లగా, మొద్దుగా ఉన్నది నాదంటే నామోషీ కదా! మెరిసేవాటికి కొట్టుకున్నారు. అసలువి కుప్పలో మిగిలిపోయాయి. నాటకం సామానని పెట్టెలో పడేశారు."

అవ్వ శాలువా సర్దుకుంది.

"ఇంటికొచ్చి దూస్తే, నా మొగుడి కత్తి కొవ్వొత్తిలా వంగింది. వెళ్ళి మార్చుకురావయ్యా అన్నాను. ఏమని వెళ్ళాలి? నా తాత కత్తిని నేను పోల్చుకోలేకపోయానని వెళ్ళాలా? తనొక్కడికే ఇలా అయిందనుకున్నాడు. అలా ప్రతివాడూ తనొక్కడికేననుకుని, నోరు మూసుకుని, దాని కిందే కూర్చుని మీసాలు దువ్వుకుని, చచ్చిపోయారు. కొడుకులకి తెలియదు. తోమేది మేమే కదా, బూడిద పెట్టి రుద్దితే గిల్టంతా గుడ్డకి వచ్చేది. ఊళ్ళో ప్రతి కోడలికీ తెలుసు. నమ్మకపోతే అడగండి."

మగవాళ్ళ తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. వెనక వరసల్లో ఆడవాళ్ళు కొందరు తల రుమాళ్ళు సర్దుకుంటున్నారు, కొందరు పైకప్పు వంక చూస్తున్నారు.

"ఏమే" అన్నాడు బ్లాజో వేదిక మీద నుంచి భార్యతో. "మనది?"

"నిజమైనదేలెండి."

"హమ్మయ్య!"

"పోయిన పండుగ నుంచి" అంది ఆవిడ.

ఇక ఆడవాళ్ళ వైపు నవ్వు ఆగలేదు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. డాక్టరుగారు ఒక్కరే నేరం చేసినవాడిలా తల దించుకుని ఉన్నారు.

"నీకెలా తెలిసిందయ్యా?" అన్నాడు బ్లాజో నీరసంగా.

"నాటక సంఘం అధ్యక్షుడిగా నన్ను పెట్టారు కదా. పాత పెట్టె తెరిస్తే ఇవి కనిపించాయి. నాటకాల కత్తులకి ఇంత బరువేమిటా అనుకున్నాను. తర్వాత ఒకరింట్లో గోడ మీది ఒరని ఊపితే లోపల లొడలొడ. ఒర కూడా దవడ లాంటిదే. ఏ కత్తికి చేసింది ఆ కత్తికే అతుకుతుంది. ఒరలు అసలువే, లోపల కత్తులే కావు. పెట్టెలోవి ఒక్కొక్కటీ తొడిగి చూడాలి. అందుకే నెలలు పట్టేది. సరిగ్గా కూర్చున్నది దొరికాక తోమి, తెచ్చి ఇచ్చాను. నిజమైనదేనన్నాను. అప్పుడది నిజమే కదా."

 యాగోష్ మీసం, అంత పెద్దదీ, ఒక్కసారిగా ఏం చేయాలో తెలియనట్టు వేలాడింది. చివరికి టోపీ తీశాడు.

"ఈ ముక్క ఆ రోజే వీధిలో చెప్పేస్తే నీ పరువు నిలబడేది కదయ్యా. దొంగ అనిపించుకున్నావే!"

"నీ పరువు పోయేది" అన్నారు డాక్టరుగారు. "నీకు మీసం ఉంది యాగోష్. నాకు లేదు. నాకు పోయేది తక్కువ."

యాగోష్ ఆయన్ని కావలించుకుని, ఇక్కడి ఆచారం ప్రకారం బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టి, నాలుగోది కూడా పెట్టాడు. ముందు వరసల్లో ఒక్కొక్క చెయ్యే జేబుల్లోంచి బయటికి వచ్చింది. అందరూ డాక్టరుగారితో చెయ్యి కలపడానికి తోసుకున్నారు. ఆ తోపులాటలో బ్లాజో గొంతు సవరించుకున్నాడు. ఎలాగైనా చివరి మాట తనదే కావాలి కదా.

"అంతా బాగుందిగానీ అవ్వా, మీ ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నీతో చెప్పలేదూ?"

"ఒట్టు వేయించుకున్నాడు. ఆ రేకు కత్తి మీదే చెయ్యి పెట్టించి."

"మరి ఒట్టు తప్పావే!"

అవ్వ కర్ర నేలకేసి కొట్టింది. "అరవై ఏళ్ళు నిలబెట్టానురా. రేకు కత్తి మీద వేసిన ఒట్టు, కన్న కొడుక్కి కూడా చెప్పకుండా అరవై ఏళ్ళు! అసలు కత్తుల కింద కూర్చుని రోజూ ఒట్లేస్తారుగా మీరు, తాగనని, కార్డులాడనని. ఒక్కడు చెయ్యెత్తండి, ఏడాది నిలబెట్టినోడు!"

ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక వరసల్లో మాత్రం ఆడవాళ్ళు లెక్క చూస్తున్నట్టు తమ తమ మగవాళ్ళ వంక చూశారు.

"నా మొగుడే బతికుంటే, ఇంత మంచోడి పేరు పోతుంటే, తనే వచ్చి ఆ ఒట్టు విప్పేవాడు" అంది అవ్వ.  "డాక్టరూ, ఆ రేకుది పారేశావా?"

"ఒక్కటి కూడా పారేయలేదమ్మా."

"తెచ్చియ్యి. ఆయన జీవితమంతా దాని కిందే కూర్చుని అన్నం తిన్నాడు. మాటిమాటికీ తలెత్తి చూసుకునేవాడు, ఎవరికైనా తెలిసిపోయిందేమోనని. నాకు నవ్వొచ్చేది, జాలీ వేసేది. నాకది కావాలి."

డాక్టరుగారు పరుగెత్తుకెళ్ళి తెచ్చారు. తెల్లగుడ్డలో చుట్టి ఉంది. గిల్టు ఎక్కడో రవ్వంత మిగిలి ఉంది, గాజు రాయి ఒకటే ఉంది. అవ్వ దాన్ని రెండు చేతులతో అందుకుని, శాలువా చెంగుతో తుడిచింది. మర్నాటి నుంచి ఊళ్ళో ముసలమ్మలందరూ మాకూ మా గిల్టువి కావాలని మా గుమ్మం ముందు బారులు తీరారనుకోండి, అది వేరే తలనొప్పి.

సభ ముగిసి అందరం వీధిలోకి వచ్చాం. యాగోష్ అసలు కత్తిని బుజాన వేసుకుని, ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగి, తల్లి కోసం చెయ్యి చాచాడు.

"పట్టుకో అమ్మా, రాళ్ళు జారతాయి."

"నీ ముత్తాతని నువ్వు మొయ్యి. నేను నా మొగుడితో వస్తాను" అని, తన కర్రని నా చేతిలో పెట్టేసి, ఆ రేకు కత్తిని కర్రలా పొడుచుకుంటూ ముందుకు నడిచింది. పోస్టాఫీసు మలుపు దగ్గర అది వంగింది. ముసలావిడ ఆగి, దాన్ని మోకాలికి ఆనించి సాపు చేసుకుని, మళ్ళీ నడిచింది.